పోలిష్ భాషాశాస్త్రము - తొలి యేడు

పోలండు దేశమున 1364వ సంవత్సరములో స్థాపింపబడిన విశ్వవిద్యాలయ మొకటి కలదు. మధ్య ఐరోపాలో ప్రాగ్ విశ్వవిద్యాలయము తరువాత దానినే ప్రాచీనమైనదిగా చెప్పుదురు. అది యున్న నగరమును మన పత్రికలు క్రాకో అని వ్రాయుచుండును. అచటివారు క్రాకుఫ్ అందురు. ఆ నగరములో గొవెంబ్యా అను వీథి యున్నది. పావురముల వీథి యని దాని కర్థము. పోలిష్ భాషాసాహిత్యములను బోధించు విభాగ మా వీథిలోనే కలదు. ఏటేట అక్టోబరు నెల మొదట అచట క్రొత్త విద్యార్థులు చేరుచుందురు. వీరు భాషాశాస్త్రమున తొలియేట ఏమి నేర్చుకొందురో, అది యెందుకు కష్టముగా నుండునో, ఎందుకు రుచించునో ఈ ప్రసంగమున మనవి చేయదలచితిని.

చేరువారిలో పెక్కురకు పోలిష్ మాతృభాషయే. ఇంట మాటలాడుకొను భాషకు మూడేండ్ల పట్టమును, దానిపై రెండేండ్ల చదువును ఏలయని బంధువులు అడుగుచుందురు. తెలుగు ప్రధానపాఠ్యముగా తీసికొన్న మన పిల్లలకును ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భాషను మాటలాడ నేర్చుట యొక విద్య. మాటలాడునపుడు మనకు తెలియకయే మన నోటియందును మనస్సునందును ఏమి జరుగుచున్నదో కనుగొనుట మఱియొక విద్య. బాగుగా నడువగలవాడు తన మోకాలి కీలు ఎట్లు పనిచేయునో చెప్పలేడు గదా! అందుచే మాతృభాషగా పోలిష్ వచ్చినవాడును, ఏ దూరదేశమునుండియో వచ్చి ఏడాదిక్రితమే దానిని నేర్చినవాడును తొలిదినముల పాఠములలో ఇంచుమించు ఒకే బల్లపై కూర్చుందురు.

మొదటి పాఠము ధ్వనులను గూర్చినది. పోలిష్ భాషలో మూడు మాటలున్నవి. మూడును ప్వా అను ధ్వనులతో మొదలై చకారమును పోలిన ధ్వనితో ముగియును. ఆ చివరి ధ్వనిని మనము ౘాప, ౘుక్క అను మాటలలో పలుకు దంత్య చకారముగా పలికినచో జీతముల యొక్క అని అర్థము. నాలుక కొనను పైకెత్తి గట్టిగా పలికినచో ఏడ్పు అని అర్థము. చిలుక, చేప అను మాటలలోని చకారముకంటెను మెత్తగా తాలువునకు నాలుక నానించి పలికినచో సొమ్ము చెల్లింపుమని అర్థము. జీతము, ఏడ్పు, చెల్లింపు - ఈ మూడును ఒక్కచోట చేరుట గృహస్థులకు అంత వింతగా తోచకపోవచ్చును!

ఇచట విద్యార్థి యొక సూక్ష్మమును గ్రహింపవలయును. తెలుగుననుకూడ రెండు చకారము లున్నవి. కాని అచ్చతెలుగు మాటలలో ఇ, ఎ అను అచ్చులముందు తాలవ్యమును, అ, ఉ, ఒ అను అచ్చులముందు దంత్యమును ప్రాయికముగా వచ్చును. ఒకటి వచ్చుచోట రెండవది రాదు. కావున ఆ భేద మొక్కటే ఆధారముగా అర్థము మారిన మాటల జంట మనకు దొరకుట కష్టము. మన నోటికి అవి రెండు. మన మనస్సునకు ఒకటే. పోలిష్ వారికి మూడును మూడే. నోటిలో పుట్టు ధ్వని వేరు, అర్థభేదమును కల్పించు వర్ణము వేరు అను ఈ విచక్షణయే నేటి భాషాశాస్త్రమునకు మూలస్తంభము.

ఈ విచక్షణను శాస్త్రముగా నిలిపినవారిలో ప్రథములు ఇరువురు పోలిష్ పండితులు. యాన్ బొదుఎన్ ద కుర్తెనె 1845లో వార్సా సమీపమున జన్మించెను. వంశము ఫ్రాన్సునుండి వచ్చినది కావుననే పేరట్లున్నది. ఆయన రష్యాలో వోల్గాతీరమునగల కజాన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండగా, మికొవాయ్ క్రుషెఫ్‌స్కి అను పోలిష్ యువకుడు 1878లో ఆయనకడకు వచ్చి శిష్యుడయ్యెను. వర్ణము అను భావమునకు నేటి అర్థము వీరి చర్చలలోనే రూపు దాల్చినది. శిష్యుడు 1887లో నలువదేండ్లైనను నిండకమునుపే మరణించెను. గురువు తరువాత క్రాకుఫ్‌నకు వచ్చి, ఒకే మాట రూపములు మారునపుడు అందలి ధ్వనులు ఒకదాని స్థానమున మఱొకటి యెట్లు వచ్చునో విచారించి 1894లో ఒక గ్రంథమును ప్రకటించెను. తొలియేటి విద్యార్థి నేడు చేయు అభ్యాసములలో చాలభాగము ఆ గ్రంథము త్రొక్కిన దారినే నడచును.

ధ్వనుల తరువాత అక్షరములు. లాటిన్ లిపిలో పోలిష్ ధ్వనులకు చాలినన్ని అక్షరములు లేవు. అందుచే కొన్నిటిపై గీతలు పెట్టిరి, కొన్నిటిని జంటగా వ్రాసిరి, రెండచ్చులకు క్రింద చిన్న తోకలు తగిలించిరి. ఈ తోక గల అచ్చులు ముక్కుతో పలుకబడునవని వ్యాకరణములు చెప్పును. విదేశీయ విద్యార్థులు ఈ రెండచ్చులను చూచి మిక్కిలి భయపడుదురు. తెలుగువాడు భయపడ నక్కరలేదు. చేయి అనునది రెంక యని పలుకబడును, మూల యనునది కొంత్, పావురము గొవొంప్. కకారముముందు కవర్గ అనునాసికము, తకారముముందు నకారము, పకారముముందు మకారము వచ్చుచున్నవి. అంకము, అంతము, అంబ అను మాటలలో మన నిండుసున్న చేయు పని సరిగా ఇదియే. మీసము అను అర్థముగల వొఁస్ అను మాటయందు మాత్రము, సకారము పరమగుటచే, అచ్చే ముక్కుతో పలుకబడును. దానిని వ్రాయుటకు మన అరసున్న చక్కగా సరిపోవును. నేడు మనము పుస్తకములలో వదలివేయుచున్న అరసున్న యొకప్పుడు మన నోటిలోను ఉండినదని పెద్దలు చెప్పగా నమ్మనివారు పోలిష్ మాటలు వినవలయును.

రెండు అక్షరములకు ఒకే ఉచ్చారణ యుండుటయు అచట కలదు. సముద్రము అను మాటయు, కావచ్చును అను మాటయు చెవికి ఒక్కటే - మొజె. వ్రాతలో మాత్రము మొదటిదానిలో రేఫతో కూడిన జంట అక్షరమును, రెండవదానిలో చుక్కగల ఒంటి అక్షరమును వ్రాయుదురు. పూర్వము మొదటిదానిలో నిజముగా రేఫయే యుండి, తరువాత మెత్తబడి జకారమునకు దగ్గరయైనది. చెవికి వినబడని భేదమును కన్ను జ్ఞాపక ముంచుకొన్నది. మన రేఫ, శకటరేఫల వివాదమును ఎరిగినవారికి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఇక నగరము పేరునకు వత్తము. క్రాకుఫ్ అనునది ప్రథమావిభక్తి. షష్ఠిలో అది క్రాకొవా అగును, సప్తమిలో క్రాకొవ్యె. ఫకారము వకారమెట్లయినది? ఉకారము ఒకారమెట్లయినది? క్రొత్తగా భాష నేర్చువాడు ఇది అపవాదమని గుర్తుపెట్టుకొని ఊరకుండును. భాషాశాస్త్ర విద్యార్థి ఊరకుండరాదు.

సుమారు వేయి సంవత్సరములకు పూర్వము స్లావ్ భాషలలో రెండు మిక్కిలి తేలికయైన అచ్చులుండెను. ఒకటి ఇకారమును, రెండవది ఉకారమును పోలినది. యెర్ అని వానికి పేరు. నగరము పేరు చివర అట్టి తేలిక ఉకారముండెను. కాలక్రమమున అది పలుకబడుట మానెను. అది పోవుచు రెండు పనులు చేసి పోయినది. తనకు ముందున్న అక్షరములోని ఒకారమును దీర్ఘము చేసెను. ఆ దీర్ఘమైన ఓకారము శతాబ్దములు గడచిన పిమ్మట ఉకారముగా మారెను. రెండవది, వకారము మాటకు చివర నిలిచిపోయెను. పోలిష్‌లో మాట చివర వ, బ, గ వంటి నాదముగల హల్లు నిలువదు. వ ఫ యగును, బ ప యగును, గ క యగును. పరుషములు సరళములగు మన సరళాదేశ సంధికి ఇది తలక్రిందులైన నియమము. షష్ఠిలోనో, వకారము తరువాత ఆకారము నిండుగా నున్నది. కావున అచట ఒకారము దీర్ఘము కాలేదు, వకారము ఫకారము కాలేదు. అపవాదమనుకొన్నది రెండు నియమముల కలయిక మాత్రమే.

ఇది క్రాకుఫ్‌నకు మాత్రమే చెందిన సంగతియా? వీథి పేరును చూడుడు. పావురము ప్రథమలో గొవొంప్, షష్ఠిలో గొవెంబ్యా. చివరనున్న తేలికయచ్చు పోవుటచే ముందున్న అనునాసికాచ్చు దీర్ఘమై ఒకార మయ్యెను. దీర్ఘము కానిచోట ఎకారముగా నిలిచెను. బకార పకారముల మార్పును మనము ముందే యెరుగుదుము. దంతము జొంప్, దంతములు జెంబి. భగవంతుడు బుక్, భగవంతుని బొగా. ఒకే తాళపుచెవి ఇన్ని తలుపులు తెరచుచున్నది. ఐతే సంవత్సరమునకు రొక్ అను మాట యున్నది. అందు ఒకారము మారదు. కారణము, దాని చివరి కకారము పూర్వమునుండియు పరుషమే. సాధారణముగా నాదముగల హల్లుముందే ఈ దీర్ఘము నిలిచినది.

ఆ తేలికయచ్చులన్నియు పోలేదు. మాట చివరనుండి లెక్కించినచో మొదటిది పోవును, దానికి ముందున్నది బలపడి నిండు అచ్చగును. కుక్కకు ప్యెస్ అనియు, కుక్కయొక్క అనుటకు ప్సా అనియు అందురు. ప్రథమారూపమున పూర్వము రెండు తేలికయచ్చు లుండెను. చివరిది పోయి ముందుది ఎకార మయ్యెను. షష్ఠిలో చివర నిండు ఆకారముండుటచే ఒక్క తేలికయచ్చే మిగిలి, అదియు పోయెను. ఈ లెక్కను 1889లో చెక్ పండితుడు ఆంతొనీన్ హవ్లీక్ బయటపెట్టెను. పోలిష్ మాటలలో మనకు నోరు తిరుగని హల్లుల గుంపులు పెక్కింటి మూలమునను ఇట్లు రాలిపోయిన అచ్చులున్నవి.

పోయిన అచ్చులు ఉండెనని ఎట్లు తెలిసెను? 863లో సిరిల్, మెథోడియస్ అను సోదరులు గ్రీకుదేశపు థెస్సలొనీకా నగరమునుండి మొరేవియాకు పోయి స్లావ్ భాషలో మతగ్రంథములను వ్రాయించిరి. ఆ వ్రాతభాషలో ఈ తేలికయచ్చులకు ప్రత్యేకాక్షరములు కలవు. అది పోలిష్‌నకు తల్లి కాదు. అంతకంటె ముందుగా వ్రాతకెక్కిన అక్క యనవచ్చును. అందుచే ప్రాచీన స్లావ్ భాష యను పాఠ్యాంశమును విద్యార్థులచే చదివింతురు. ఇది పరీక్షలలో చాలమందిని ఏడ్పించునని ప్రసిద్ధి. విభక్తిరూపముల పట్టికలను మొదట కంఠస్థము చేయించి, వానివలన ప్రయోజనమేమో చివర చెప్పు పద్ధతియే దీనికి కారణమని నాకు తోచును. క్రాకుఫ్, క్రాకొవా అను రెండు మాటలను నల్లబల్లపై వ్రాసి ప్రశ్నతో మొదలిడినచో, ఆ పట్టికలను విద్యార్థి తానై వెదకికొనును.

పోలిష్ మాటలకే పాత సాక్ష్యములు అరుదు. దేశము 966లో క్రైస్తవమును స్వీకరించి లాటిన్‌ను వ్రాతభాషగా గైకొన్నది. సుమారు 1270 ప్రాంతమున సైలీషియాలోని హెన్రికుఫ్ మఠమున లాటిన్‌లో వ్రాసిన చరిత్రలో ఒకే యొక్క పోలిష్ వాక్యము చిక్కినది. తిరగలి విసరుచున్న భార్యను చూచి, ఆ పని తాను చేసి ఆమెకు విశ్రాంతి నీయగోరిన యొక గ్రామీణుని మాట యది. ఒక జాతి భాషకు తొలివాక్యమని చెప్పబడునది రాజశాసనము గాక తిరగలికడ మాట యగుట ముచ్చటైన విషయము. ఆ గ్రంథము 2015లో యునెస్కో వారి ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చబడినది. మఱియొక సాక్ష్యము ఇంకను చిత్రమైనది. 1890లో అలెక్సాందర్ బ్రుక్‌నెర్ అను పండితుడు సెంట్ పీటర్స్‌బర్గు గ్రంథాలయమున ఒక లాటిన్ పుస్తకపు అట్టలో బైండు చేయువాడు వాడిన చర్మపత్రపు పేలికలను చూచెను. వానిపై నుండినవి మధ్యయుగపు పోలిష్ ధర్మోపన్యాసములు. అట్ట కుట్టువాని కత్తెరకు మిగిలిన ఆ ముక్కలు నేడు భాషాచరిత్ర విద్యార్థులకు ప్రధానాధారములు.

విభక్తుల విషయమున మనవారికి కొంత సుఖము కలదు. పోలిష్‌లో సంబోధనతో కలిపి ఏడు విభక్తులు. సంస్కృతము చదివినవాడు లెక్కించి చూచినచో పంచమి కనబడదు; అది పూర్వమే షష్ఠిలో కలిసిపోయినది. అగ్ని ఒగ్యెఞ్, ధూమము దిమ్, మాంసము మ్యెంసొ, విధవ వ్దొవా. ఈ పోలికలు సంస్కృతమునకును పోలిష్‌నకును గల చుట్టరికమును తెలుపును. తెలుగునకు ఆ చుట్టరికము లేదు. మనము ఈ మాటలను సంస్కృతమునుండి తెచ్చుకొంటిమి. చుట్టరికమును, ఎరువును వేరుచేసి చూచుట తొలియేడే అలవడవలసిన గుణము. పోలండులోను పురమందిరమునకు వాడు రతుష్ అను మాట జర్మనునుండి తెచ్చుకొన్నదే.

లింగవిషయమున ఒక చమత్కార మున్నది. తెలుగున ఏకవచనమున పురుషుడు వాడు. స్త్రీయు, వస్తువును అది. బహువచనమున స్త్రీపురుషు లిరువురును వారు, వస్తువులు అవి. పోలిష్‌లో ఏకవచనమున పురుష, స్త్రీ, నపుంసకములకు మూడు సర్వనామములున్నవి. బహువచనమునకు వచ్చుసరికి పురుషులున్న గుంపునకు ఒని, తక్కిన సర్వమునకు ఒనె. స్త్రీలు, గుఱ్ఱములు, కుర్చీలు అన్నియు ఈ రెండవదానిలోనివే. నూర్గురు స్త్రీల నడుమ ఒక్క పురుషుడు చేరినను ఒని యనవలయును. మనము ఏకవచనమున చేసిన పక్షపాతమును వారు బహువచనమున చేసిరి. ఎవరిది న్యాయమని శ్రోత లడుగరాదు. వ్యాకరణము న్యాయస్థానము కాదు.

ఇంతవరకు చెప్పినది విని, ఇది తీరికగల పండితుల వినోదమని తలంపవచ్చును. పోలండులో అట్లు కాలేదు. 1795లో ఆ రాజ్యమును రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకొనుట ముగిసినది. 1918వరకు పటములో ఆ దేశమే లేదు. 1869లో వార్సా ఉన్నతవిద్యాలయమును మూసి రష్యన్ విశ్వవిద్యాలయము నెలకొల్పిరి. 1885 మొదలు అచట ఇండ్లలో రహస్యముగా సాగిన ఎగిరెడి విశ్వవిద్యాలయము అనుదానిలో, తరువాత రేడియమును కనుగొన్న మేరీ క్యూరీయు చదివెను. ప్రష్యా భాగమున వ్జెశ్న్యా అను ఊరి బడిపిల్లలు 1901లో జర్మనులో ప్రార్థన చేయ నిరాకరించి బెత్తపు దెబ్బలు తినిరి. ఆస్ట్రియా భాగమున నున్న క్రాకుఫ్‌లో మాత్రము 1870 ప్రాంతమునుండి పోలిష్‌లో బోధించు వీలు కలిగెను. రాజ్యములేని జాతికి నిఘంటువును వ్యాకరణమును సరిహద్దులుగా నిలిచినవి. ఐనను బొదుఎన్ తన జాతి భాషనే పొగడుచు కూర్చుండలేదు. రష్యా సామ్రాజ్యమున అన్ని అల్పసంఖ్యాక జాతుల భాషలకును హక్కు లుండవలయునని 1913లో వ్రాసిన కరపత్రమునకై ఆయన కొన్ని నెలలు చెరసాలలో నుండెను.

1938లో క్రాకుఫ్ పోలిష్ విభాగమున చేరిన క్రొత్త విద్యార్థులలో కరొల్ వొయ్‌తివా ఒకడు. తరువాత 1978లో రెండవ జాన్ పాల్ పేరున పోపు అయినది ఆయనయే. సాహిత్యమునకై చేరినవానికి మొదటియేట వర్ణనాత్మక వ్యాకరణమును, చారిత్రక వ్యాకరణమును, ప్రాచీన స్లావ్ భాషయు ఎదురయ్యెను. అవి తనకు క్రొత్త దిగంతములను చూపినవని 1996లో ప్రకటించిన స్మృతులలో ఆయన తలచుకొనెను. ఆ చదువు ఒక్కయేడే సాగినది. 1939 నవంబరు 6వ తేదీన నాజీలు ఉపన్యాసము వినవలెనను మిషతో ఆచార్యులను పిలిపించి 183 మందిని నిర్బంధించి, పిదప జర్మనీలోని శిబిరమునకు పంపిరి. వారిలో మాండలిక శాస్త్రజ్ఞుడు కజీమ్యెష్ నిచ్ ఒకడు. వయస్సు అరువదియైదేండ్లు. ఆయన 1940లో విడుదలయ్యెను. సహచరులలో కొందరు తిరిగి రాలేదు.

ఈ నిచ్ పండితుడు ఊరూర తిరిగి పల్లెమాటలను సేకరించినవాడు. ఆయన గమనించిన భేదములలో ఒకటి చెప్పెదను. తండ్రి సోదరుడు అనుటకు వార్సావారు బ్రాత్ ఒయ్‌ౘా అందురు. క్రాకుఫ్ వారి సంప్రదాయపు ఉచ్చారణలో అది బ్రాదొయ్‌ౘా యగును. జగత్, ఈశ అను రెండును కలిసి జగదీశ యగునట్లే! ఆయన పర్యవేక్షణలో మొదలైన మాండలిక పటముల తొలి సంపుటము 1957లో వెలువడెను; మరుసటి యేడు ఆయన మరణించెను. మనదేశమున 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వచ్చిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము ఇట్టి శ్రమకే ఫలము.

విదేశమునుండి పోయి ఈ చదువునకు పూనుకొనువాడు మొదట భాష నేర్వవలయును. ఇందుకై 1952లో స్థాపింపబడిన శిక్షణకేంద్రము వార్సాకు నైరృతిదిశనున్న పెద్ద నగరమొకదానిలో కలదు. ఆసియా, ఆఫ్రికా దేశముల విద్యార్థులు పలువురు అచట ఏడాది భాష నేర్చి ఇతర విశ్వవిద్యాలయములకు పోయిరి. విదేశీయుల భాషాజ్ఞానమును పరీక్షించి ప్రభుత్వము యోగ్యతాపత్ర మిచ్చు ఏర్పాటు 2004నుండి యున్నది. మాటలాడుట పూర్తిగా వచ్చిన పిమ్మటనే శాస్త్రము మొదలిడుదమని జాగుచేయుట మంచిది కాదని నా యభిప్రాయము. నియమము తెలిసినచో మాట త్వరగా పట్టుబడును. ఆ నగరము పేరు వూచ్. పడవ యని దాని కర్థము. రైలు దిగిన విద్యార్థి స్టేషను పలకపై ఈ పేరును చదువును. తరువాత షష్ఠిలో అది వొజి యగుట చూచును. ఉకారము ఒకార మెందుకైనదో, చకారము జకార మెందుకైనదో అతడు అప్పుడే అడుగవచ్చును.